జీడి గుర్తు

మూడోసారి కూడా
సీసాలో నీళ్ళు రంగు మారాయి.
ముందు గంజి తేట,
తర్వాత పల్చటి టీ,
పదకొండు దాటేసరికి పాత తేనె.
వెండి అంటే తెల్లగా ఉండాలనుకునేవాళ్ళకి
ఎలా చెప్పను,
బాగా చిన్నదైపోతే అది చామనఛాయలోకి దిగుతుందని.

ఎచ్చెర్ల లేబులో రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది.
పట్నాయక్ మేడం గ్రాఫు మీద
నాలుగొందల ఇరవై దగ్గర లేచిన గుట్టని
గోటితో ముట్టుకున్నారు. ఏమీ అనలేదు.
ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టు.

ఆకు నల్లజీడిది.
టెక్కలి అవతల కొండమీంచి తెచ్చాను,
మోచేతులదాకా కొబ్బరినూనె పట్టించుకుని.
ఆ చెట్టంటే భయం నాకు పుస్తకాలు నేర్పలేదు.

తవిటమ్మత్త నేర్పింది.
నాగావళి రేవులో నలభై ఇళ్ళ బట్టలు ఆవిడవి.
అక్షరం రాదు.
జీడిగింజని సూదితో గుచ్చి
ఊరిన చుక్కని బట్ట మూలకి అద్ది
పైన సున్నం రాసేది.
నాయుడుగారింటికి మూడు చుక్కలు,
షావుకారు మేడకి అడ్డగీత,
టీచరమ్మ చీరలకి కొక్కెం.
మా బట్టలకి ఏదీ ఉండేది కాదు.
గుర్తు లేనివన్నీ మావి.
ఒకసారి, ఒక్కసారే,
కొక్కెం పడాల్సిన చోట గీత పడి
రెండిళ్ళ మధ్య ఏడాది మాటల్లేవు.

ఆ రసం పొక్కించిన మచ్చలు ఆవిడ వేళ్ళమీద.
సిల్వర్ నైట్రేట్ కాల్చిన నలుపు నా వేళ్ళమీద.
సబ్బుకి రెండూ లొంగవు.

ఇప్పుడు అత్త శ్రీకాకుళం ఆస్పత్రిలో
కిటికీ పక్క మంచం.
నాలుగో విడత. పైనుంచి ఎర్రమందు
బొట్టు
బొట్టుగా
తొందరేమీ లేనట్టు దిగుతోంది.
దానికి గుర్తులు తెలీవు.
రోగం బట్టేదో, జుట్టు బట్టేదో,
నోట్లో తడి ఎవరిదో,
అన్నీ ఒకే మూటలో కట్టి
ఒకే బండమీద బాదుతుంది.

దిండుమీంచి ఒక వెంట్రుక తీశాను.
దాని అడ్డం మందంలో
నా వెండి కణాలు నాలుగు వేలు
భుజాలు రాసుకుని నిలబడతాయి.
ఒక్కోదాని వీపున రవ్వంత ఎర్రమందు.
అత్తా, మందుకి గుర్తు నేర్పుతున్నాను, అంతే నా చదువు.

"అయితే ఏటే, ఆ సీసాలోది నాకేనా?"

కాదత్తా.
ఆ మాటకి ముందు మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.
ఇంకా ప్లాస్టిక్ పళ్ళెం దాటలేదు.
తొంభై ఆరు గుంటల పళ్ళెం.
"తొంబయ్యారు గుంటలే! అంతమందికీ కూడెవులెడతన్నారే?"
నేనే పెడుతున్నాను,
రెండ్రోజులకోసారి, పిప్పెట్‌తో.
నవ్వితే ఆవిడ నోటి పుళ్ళు చిట్లాయి.

మిగతాది కూడా చెప్పాను.
సగం మందుకే రోగపు కణాలు కూలాయని.
మోతాదు ఒక మెట్టు పెంచితే
చివరి వరసలో మంచివి కూడా ఒరిగాయని.
గుర్తు లేనివి, అత్తా. మనవి.
ఇంకా ఎలకలున్నాయి, ఆపైన ఫైళ్ళున్నాయి,
ఆపైన ఎన్నేళ్ళో.

చాలాసేపు సెలైన్ స్టాండుకేసి చూసింది.
తర్వాత నా చెయ్యి లాక్కుని
వేలిమీది నలుపుని గోటితో గీకింది.
పోలేదు.
"బేగి సెయ్యమాకు" అంది.
"తడిగుడ్డ మీద గుర్తెడితే పాకీస్తాది.
ఆరనియ్యాల."

తిరుగు బస్సులో, వంతెన మీద,
ఊగుతున్న అక్షరాలతో రికార్డులో రాశాను:
నాలుగో బ్యాచ్. మోతాదు తగ్గించాలి.
మందు ఎక్కించే ముందు కణాల్ని ఆరనివ్వాలి.

ఈ రెండో వాక్యానికి ఆధారమేదని
మేడం తప్పకుండా అడుగుతారు.
ఆ గడి ఖాళీగా వదిలాను.
గుర్తు లేనివి మావి.