కాలు పెట్టిన వేళ

నార్తాంప్టన్‌లో ఆ వీధికి
ఐదేళ్లుగా దీపాలు మారుస్తున్నాను.
ఎవరికోసం మారుస్తున్నానో
కౌన్సిల్‌కీ తెలీదు, నాకూ తెలీదు.
పదిహేడు షాపులు. పద్నాలుగు షట్టర్లు దించినవే.
మిగిలినవాటిలో ఒకటి పందేలది,
ఒకటి పగిలిన ఫోన్లకు అద్దాలు అతికేది,
ఒకటి ఎప్పుడు తెరుస్తారో తెరిచేవాళ్లకే తెలియనిది.

మార్చిలో ఒటీలీ అనే పిల్ల వచ్చింది,
జుట్టంతా రంగు మరకలు, చంకలో పటం.
మూతపడ్డ బూట్ల ఫ్యాక్టరీ గోదాములో
గోనెసంచుల నిండా దొరికాయట
కొయ్యపాదాలు,
బూటు కుట్టేటప్పుడు తోలు లోపల దూర్చేవి.
రెండువేల మూడువందల చిల్లర.
వాటిని వీధికి అడ్డంగా తీగల మీద కట్టాలి,
తలలకు పైన, నడుస్తున్నట్టు.
"నిచ్చెన బండి నీదేగా?" అంది.
నాదే.

మూడు రాత్రులు కట్టాను.
ఒక్కో మడమ మీద ఒక అంకె,
కొన్నిటికి పెన్సిలుతో పేర్లు.
ఒకదానికి బొటనవేలి పక్కన తోలుముక్క అంటించి ఉంది.
ఎవరికో అక్కడ కాయ కాచిందన్నమాట.
ఆ మనిషి ఎప్పుడో పోయుంటాడు.
కాయ మాత్రం వానలో తడుస్తోంది.

మొదటివారం నవ్వులే.
"మన పన్నులు గాల్లో వేలాడుతున్నాయి" అన్నాడు
పందేల షాపు గుమ్మంలో ఒకాయన, ఓడిపోయి వస్తూ.
పావురాలొక్కటే వెంటనే ఒప్పుకున్నాయి.

రెండోవారం టెబ్బట్ గారొచ్చారు.
ఎనభై ఒకటి. నలభై రెండేళ్లు అదే ఫ్యాక్టరీలో
అట్ట కుట్టిన చెయ్యి.
మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి కేకేశారు,
"ఒరేయ్ అబ్బాయ్" అన్నట్టే వినపడింది నాకు:
"నాలుగో వరసలో ఆ రెండూ ఎడమవే.
మనిషన్నవాడు అట్లా నడుస్తాడా?"
బండెక్కి మార్చాను.
మర్నాడు ఇంకో తప్పు. ఆ మర్నాడు ఇంకోటి.
ఆయనకి కుర్చీ కావలసొచ్చింది.
కుర్చీకి చూరు కావలసొచ్చింది.
అట్లా లేచింది మొదటి షట్టరు,
ఆరేళ్ల తుప్పు ఒక్కసారిగా అరిచి.

మా తాత దగ్గరా ఉండేవి ఆరె, రంపె, గూటం.
ఊరందరి కాళ్లూ కొలతలతో సహా తెలుసు ఆయనకి.
తన చెప్పులు మాత్రం
కొన్ని వీధులొచ్చేసరికి
చేతికెక్కేవి.
ఈ సంగతి టెబ్బట్ గారితో చెబుదామనుకున్నాను,
నా ఇంగ్లీషు అంతదూరం నడవలేదు.
ఆయన తన ఆరె అందించారు, పట్టుకున్నాను.
పట్టుకున్న తీరు చూసి
ఏమీ అడగలేదు.
ఆ రాత్రి నాలుగో వరస కింద నిలబడి
తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశాను.
వీధి వీధంతా
పాదాల్ని నెత్తిన పెట్టుకుంది.

జూన్‌కల్లా కుర్చీ పక్కన కుర్చీలు,
తోలు కుట్టడం నేర్చుకునే కుర్రాళ్లు,
పాత బ్యాంకు లాకరు గదిలో డోళ్లు బిగించే ఎఫువా.
ఇద్దరు అక్కచెల్లెళ్లు
అద్దెకు బదులు గోడనిండా బొమ్మేస్తామని
ఓనరుని ఒప్పించారు, ఒక నెలకి.
ఒక సాయంత్రం ఆఫీసుకి ఫోనొచ్చింది:
"మా ముందు దీపం వెలగడం లేదు, ఎవడ్రా చూసేది?"
ఐదేళ్లలో మొదటి ఫిర్యాదు.
ఆ కాయితం మడిచి
వారంరోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

కాలు పెట్టిన వేళావిశేషం అంటారు మనవాళ్లు.
వెనకాలే కొత్త అద్దెల కాయితాలూ కాలు పెట్టాయి,
అందరికంటే ముందు ఒటీలీ గదిలో.
ఆమె ఇప్పుడు కెటరింగ్‌లో ఉంటోంది,
బస్సులో వస్తుంది, ఆదివారాలు.

అక్టోబరులో అనుమతి ముగిసింది. విప్పాను.
లెక్కలో ఒకటి తక్కువ.
"గాలికి పడిపోయి ఉండవచ్చు" అని రాశాను.
గాలి అంత ఓపిగ్గా తీగ ముడి విప్పదని
రాయలేదు.

సోమవారం అటు వెళ్తే
టెబ్బట్ గారి తలుపు
మూసుకుపోకుండా కింద దూర్చి ఉంది
తోలుముక్క అంటించిన కొయ్యపాదం.
పక్కనుంచి లోపలికి వెళ్లాను,
బూట్లతోనే.