నేల కింది పసుపు తీగ

సోహార్ ఆసుపత్రి బేస్‌మెంట్‌లో
రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా గడువు మాది.
బయట ఆగస్టు ఉక్క, అద్దాలకు చెమట.
లోపల పద్దెనిమిది డిగ్రీలు,
నా ఒంటి మీద ఎవరిదో స్వెట్టరు.

కొత్త స్టోరేజీ పెట్టె ఈ గదిలో,
సర్వర్లు గోడకు అవతల.
మధ్యన ప్రత్యేకమైన రాచబాట ఏమీ లేదు,
అందరూ నడిచే ఈథర్‌నెట్టే.
దూరాన ఉన్న డిస్కుని
నీ ఒంట్లోదే అనుకోమని
సర్వర్‌ని నమ్మించడం నా ఉద్యోగం.

నమ్మింది.
పేరు అడిగింది, తలుపు తీసింది,
పింగ్ చేసిన ప్రతిసారీ ఊఁ కొట్టింది.
తీరా ఒక్క ఎక్స్‌రే రాయమంటే
ముద్ద బుగ్గన పెట్టుకుని మింగని పిల్లాడిలా
అలాగే ఉండిపోయింది.

ఒంటిగంట. రెండు. రెండున్నర.
పెద్ద మూటలు పోవాలని
ఇటు తొమ్మిది వేలు రాశాను,
అటు తొమ్మిది వేలు రాశాను.
చిన్న మాట చేరుతోంది, పెద్ద మాట చేరడం లేదు,
చేరలేదని చెప్పే నాథుడూ లేడు.
గోడ మీద డయాగ్రం మాత్రం
పెళ్లిపత్రికంత పొందిగ్గా ఉంది.

మూల అట్టపెట్టెల మీద రాజలింగం.
కేబుళ్లు లాగే మనిషి.
అతనిది మెట్‌పల్లి దగ్గర, నాది తెనాలి అవతల.
మూడు వారాలుగా మా మధ్య నడిచిందంతా
"తిన్నవా?" "తిన్నాను."
"బాగున్నావా?" "బాగనే ఉన్న."
అంతకు మించిన సైజు ఏదీ దాటలేదు.

అతనే లేచాడు.
"సారూ, ఆ పసుపు తీగ సక్కగ పోదు.
పొడుగు సాలలేదని మొన్న రంజాన్ల
నడుమ పాత స్విచ్చికి గట్టినం.
నేనే గట్టిన."

పలక లేపి, బోర్లా పడుకుని,
భుజం దాకా చెయ్యి దూర్చాడు.
దుమ్ములో ఒక పచ్చ దీపం మినుకుమంది.
ఏ కాగితంలోనూ లేని స్విచ్చి.
పదిహేను వందలకు మించి దిగని గొంతు.

తీగ మార్చాం. మూడూ ముప్పావు.
ఎక్స్‌రేలు గడగడా దిగడం మొదలైంది.

"అండ్ల ఏముంటయి సారూ?"
"రోగుల ఫోటోలు. ఎముకలవి."
"నా నడుముది గూడ ఉంటదా?
పోయిన యేడు ఈడనే తీసిండ్రు.
కంపెనోళ్లు కాయిదం ఇయ్యలే.
బాగనే ఉందన్నరు."

ఏం చెప్పను.
నాకు కనబడేవి బ్లాకులే గానీ బొక్కలు కావు.
ఏ ముక్క ఎవరిదో సర్వర్‌కి తెలుసు.
మోసే తీగకు తెలియదు, దాచే పెట్టెకూ తెలియదు.
తెలుసుకునే హక్కు నాకు లేదు.

"ఉండొచ్చు" అన్నాను.
అతను పలక మూస్తూ
ఒక చేత్తో నడుం పట్టుకున్నాడు,
ఎప్పుడూ పట్టుకుంటాడు కాబోలు,
ఇప్పుడే చూశాను.

"ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి?"

రాజలింగం నా మొహం కేసి చూశాడు,
అట్టపెట్టె మీద మళ్లీ కూర్చున్నాడు,
మొదలుపెట్టాడు.

నాలుగు దాటింది.
గడువు అయిపోయిందని
టేబుల్ మీద ఫోన్ మోగింది.
మోగనిచ్చాను.