సుద్దముక్క బాణాలు

కళింగపట్నం హైస్కూల్లో ఆరో పీరియడు.
నల్లబల్ల మీద అరేబియా గీశాను,
కొంచెం వంకరగా, ఎండిన సొరకాయ డిప్పలా.
మక్కా అని చుక్క పెట్టాను.
ఉప్పు చెమ్మకి సుద్ద పట్టలేదు.
మళ్ళీ పెట్టాను.

తల్లీతండ్రీ లేని పిల్లవాడు, గొర్రెలు కాశాడు,
ఒంటెల వెంట బేరాలకు తిరిగాడు.
నలభయ్యో ఏట, కొండ గుహలో, ఒక రాత్రి
మాట దిగిందని వాళ్ళ నమ్మకం.
రాసుకోండర్రా అన్నాను:
దేవుడొక్కడే. రోజుకి అయిదు పూటల నమాజు.
ఉన్నదాంట్లో లేనివాడి వాటా.
నెల్లాళ్ళ ఉపవాసం. శక్తి ఉంటే ఒక్కసారి యాత్ర.
పరీక్షలో నాలుగు మార్కులు.

ముందుగా నమ్మింది భార్య.
తరవాత ఒక కుర్రాడు, విడుదలైన బానిస, ఒక స్నేహితుడు.
ఊరు పొమ్మంది.
రాత్రికి రాత్రి మదీనా దారి పట్టారు.
వాళ్ళ సంవత్సరాల లెక్క ఆయన పుట్టుకతో కాదు,
ఆ వలసతో మొదలవుతుందని చెప్పాను.

మూడో బెంచీలో సూరాడ కొర్లయ్య లేచాడు
చెయ్యెత్తకుండానే.
"వలసెల్తే లెక్క మొదలెడతారా సారూ?
మా అయ్య వెరావల్ బోటెక్కి ఏడు నెల్లు.
మాయమ్మ గోడకి బొగ్గుతో గీతలెడతన్నాది."
ఎవరూ నవ్వలేదు.
ఆ క్లాసులో సగం ఇళ్ళ గోడలకి
ఆ గీతలున్నాయి.

గొంతు సవరించుకుని బాణాలు మొదలుపెట్టాను.
ఆయన కన్నుమూశాక నూరేళ్ళు:
డమాస్కస్, జెరూసలేం, ఈజిప్టు, పర్షియా,
పడమట స్పెయిన్ దాకా, తూర్పున సింధు దాకా.
సుద్దముక్క రెండుసార్లు విరిగింది.
గుర్రపు డెక్కల పాఠం నాకు కొట్టిన పిండి,
ఏటా అక్కడికొచ్చేసరికి గొంతు లేస్తుంది.
పెద్దరికం ఎవరిదన్న తగువుతో
ఆ ఇల్లు రెండయిందన్న మాట మాత్రం
గంట కొట్టేస్తారని గబగబా దాటించాను.

"మనూరికి ఏ బాణం ఒచ్చింది సార్?"
ఖైరున్.
లైట్‌హౌస్ దారిలో పరుపులు కుట్టే
బుడాన్ సాయిబు మనవరాలు.
బల్లమీద వెతికాను.
బంగాళాఖాతం లేదు.
చెక్క ఆ లోపే అయిపోయింది.

సాయంత్రం అటే నడిచాను
దిండు కుట్టించాలన్న వంకతో.
దూలానికి విల్లు వేలాడుతోంది, మనిషంత పొడుగు.
నరం మీద గూటం పడ్డప్పుడల్లా
గడ్డకట్టిన పాత దూది పొగలా లేచి
ముసలాయన కనురెప్పల మీద వాలుతోంది.

"నాకేటి తెల్దు బావూ.
ఓడలోలొచ్చారంతారు, నవాబు సిపాయిలొచ్చారంతారు.
కత్తులొచ్చినాయి, కాదన్ను.
దూదీ ఒచ్చినాది.
ఇదీ విల్లే, సూడు.
బాణమే నేదు."

నేనేదో అనబోయాను. గూటం ఆగలేదు.

"ఆఖరి రోజున కొండలన్నీ
ఏకిన ఉన్నిలాగ తేలిపోతాయంట.
ఆ పని మాకు తెలిసిందే." నవ్వి దగ్గాడు.
"మరి గుహలో మొట్టమొదట దిగిన మాటేటో
పిల్లలికి సెప్పినావా?"

చెప్పలేదు.

"సదువు. అదే మాట.
సదవడం రానోడికి సదువూ అని దిగినాది.
నాకూ రాదు బావూ,
నాకేటీ దిగనేదు గానీ,
దాన్ని బడికి పంపుతన్నాను."

లోపల ఖైరున్ నా బాణాలనే
నోట్సులో ఎత్తి రాసుకుంటోంది,
కింద పెట్టిన స్కేలు కదలకుండా
కాలి బొటనవేలితో నొక్కి.

దిండుకి పైసా తగ్గించలేదు.
లైట్‌హౌస్ వెలిగింది. సముద్రం మీద ఒక చోట కాసేపు
వెలుగు నిలబడినట్టే నిలబడి తిరిగిపోయింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పి గుమ్మంలో దులిపాను.
సుద్ద రాలింది.
దూది రాల్లేదు.