ఎక్స్‌పైరీ వైపు ముక్క

పార్సిగుట్ట సందు మొదట్లో మా మందుల షాపు.
పదకొండేళ్ళుగా నా చేతిలో కత్తెర.
గోళీల పత్తాను ఎటునుంచి కోయాలో
సేటు మొదటిరోజే నేర్పాడు:
పేరూ తేదీ ఉన్న కొస మన దగ్గరుండాలి,
మిగతాది వాళ్ళకి.

బాలమణమ్మ నాలుగే అడుగుతుంది, బీపీవి.
రోజూ ఒకటని డాక్టరు రాసిన చీటీ
మడతల దగ్గర చిరిగి చిరిగి
ఇప్పుడు నాలుగు చీటీలు.
"రోజిడిచి రోజు ఏస్కుంటున్న బిడ్డా,
శనారం నాడు గోళీకి గూడ ఉపాసమే"
అని తనే నవ్వుతుంది.

డెబ్బై ఒకటో ఏట మూడిళ్ళ అంట్లు.
గాంధీలో ఊరికే ఇస్తారు కదమ్మా, అన్నానొకసారి.
సబ్బుకు పాసిన వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది.
బస్సు ఊరికేనే.
చీటీ కాడ లైను, డాక్టరు కాడ లైను, మందుల కాడ లైను.
పొద్దుగూకుతది.
ఆ పూట పైసలు ఏ అమ్మ ఇస్తది?
"ఊరికే ఇచ్చే మందు మస్తు పిరం బిడ్డా."

పద్మారావునగర్ వామనమూర్తి గారికీ ఇదే గోళీ,
ఇదే కంపెనీ.
మూడు నెలలకు సరిపడా డబ్బాలు,
ప్రతి డబ్బా తేదీ అద్దాలు పెట్టుకుని చూస్తారు.
ఏ నొప్పీ లేకుండానే రక్తం ఇచ్చి వస్తారు
ఏడాదికి రెండుసార్లు.
ఎనభై రెండేళ్ళు. మా మెట్లు నాకంటే చకచకా దిగుతారు.
మంచాయన. పోయిన వానల్లో నాకో గొడుగిచ్చారు.
పెన్షనుంటే నేనూ అట్లాగే చూసుకుంటానేమో
తేదీలు.

నిన్న బాలమణమ్మ కౌంటరు మీద మోచేతులు ఆనించి
"ఆ అక్షరాలున్న కొస ఇయ్యరాదు" అంది.
చదువు రాదు కదమ్మా నీకు?
"నాకు రాదు. పని కాడి పాప చదువుతది.
ఎన్నటిదాక మంచిగుంటదో ఎరుకుండాలె గద."

సేటు లోపల ఫోన్లో ఉన్నాడు.
కత్తెర అటువైపు తిప్పాను.
కోసేముందు నేనే చదివి చెప్పాను:
ఇంకా రెండేళ్ళు ఢోకా లేదు.

"రెండేండ్లా!"
కొంగుముడి విప్పుతున్న చెయ్యి ఆగింది.
నోట్లు మళ్ళీ లెక్క చూసుకుంది.
"గట్లయితే తొందరేముంది,
రెండే ఇయ్యి."

రెండే కోశాను.
పేరులేని మిగతా పత్తాను
సేటు వచ్చేలోగా
డబ్బాలో అడుక్కి తోశాను.