ఆరువేల రెండొందల పద్దెనిమిది

పదకొండేళ్ళు ఈ గోడ పక్కనుంచే బస్సు నడిపాను.
వింబుల్డన్ జూలై సాయంత్రాల్లో
ఎర్ర లైటు పడితే అద్దం దించుకునేవాణ్ణి.
గోడకి ఆవల వేల గొంతులు
ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేవి.
ఇంజను మోతలోనూ వినపడేది ఆ నిశ్శబ్దం.
తర్వాత కేక.
ఎవరు కొట్టారో, ఏ మూలకు కొట్టారో
ఎప్పుడూ తెలిసేది కాదు.
పచ్చ లైటు పడేది.

ఇవాళ సెలవు.
రేపు తెల్లవారుజామున నాలుగూ పదికి డ్యూటీ.

పార్కు గడ్డి మీద చేంతాడంత వరుస.
రాత్రే వచ్చి గుడారాలు వేసుకున్నవాళ్ళని
పొద్దున్నే లేపేశారట,
వాళ్ళ పరుపుల కింది గడ్డి
ఇంకా పడుకునే ఉంది.
టోపీ పెట్టుకున్న పెద్దావిడ
నా చేతిలో ఓ కార్డు పెట్టింది:
ఆరువేల రెండొందల పద్దెనిమిది.
"పారేసుకోకు నాయనా,
ఇది పోతే నువ్వు రానట్టే."

నా ముందు ప్రూడెన్స్.
డెబ్బై ఆరేళ్ళు, మడత స్టూలు, ఫ్లాస్కు నిండా సూపు.
"పెద్ద కోర్టుల పట్టీలు
మొదటి పదిహేనొందల మణికట్లకే సరిపోతాయి.
మనం మిగిలిన లెక్క" అంది,
అల్లం బిస్కెట్ విరిచి పెద్ద ముక్క నాకిస్తూ.
నా వెనక తాంబా, నర్సింగ్ చదువుతున్నాడట.
ఆస్పత్రి రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి
నిలబడే నిద్రపోతున్నాడు.
వరుస కదిలినప్పుడల్లా భుజం తడతాను,
కళ్ళు తెరవకుండానే రెండడుగులు వేస్తాడు.

ఇక్కడ ఎవరి చోటూ ఎవరూ కాజేయరు.
నేను టాయిలెట్‌కి వెళ్ళొచ్చేదాకా
నా బదులు నా గొడుగు నిలబడింది.
డబ్బున్నవాడికి వేరే ద్వారం ఉంది, కాదనను.
ఈ గడ్డి మీద మాత్రం
ముందు లేచినవాడే మారాజు.

పదకొండింటికి వాన.
ఎవరూ కదల్లేదు.
తాంబా కూడా లేవలేదు.

రెండున్నరకి గేటు దాటాం.
లోపలికి అంటే దారుల్లోకి, చిన్న కోర్టుల చుట్టూ.
అక్కడ ఓ పదిహేడేళ్ళ పిల్ల ఓడిపోయి
తువ్వాలు తలమీద కప్పుకుని
ఎంతసేపటికీ తీయలేదు.
మేం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక
చేతులు గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాం.

ఐదింటికి ప్రూడెన్స్ నా మోచేయి గిల్లింది:
ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళ సీట్లు
మళ్ళీ అమ్ముతారు, పద.
మళ్ళీ ఒక వరుస.
ఒకటే ఉందన్నారు. ఆవిడ వెనక్కి తగ్గింది.
"నేను చాలాసార్లు చూశాను.
నువ్వు చాలాసార్లు విన్నావుగా, వెళ్ళు."

కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.
కింద ఎవరో మర్చిపోయిన పుస్తకం,
అందులో పెన్సిలుతో ఆట లెక్క.
రెండో సెట్టు మూడు–రెండు దాకా
గుండ్రంగా, ఓపిగ్గా రాసిన అంకెలు,
అక్కడితో సరి.
ఎందుకు లేచారో. రైలుకా, పసిబిడ్డ కోసమా,
నడుం నొప్పా.
బస్సు రిపోర్టులు రాసే పెన్ను తీసి
తరవాతి అంకె నేను వేశాను.

అప్పుడొచ్చింది ఆ నిశ్శబ్దం.
ఈసారి అందులో నా ఊపిరీ ఉంది.
బంతి గీత మీద పడి
చిటికెడు సుద్ద లేపింది.
అరిచాను.
పక్కాయన నా వీపు చరిచాడు, అదే తెలిసినవాడిలా.
ఆ కేక అడుగున, గోడకి ఆవల
ఏదో బస్సు గేరు మార్చింది.
అది నాకొక్కడికే వినపడి ఉంటుంది.

ఎనిమిదీ నలభైకి లేచాను.
ఐదో సెట్టు, నాలుగు–నాలుగు.
పుస్తకం కుర్చీ మీదే ఉంచాను,
పెన్నుతో సహా.

బస్సులో బొగ్దాన్ డ్యూటీ.
"ఎవరు గెలిచారు?"
"నేను లేచేసరికి నాలుగు–నాలుగు."
నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

గోడ పక్కన ఎర్ర లైటు పడింది.
అద్దం దించమన్నాను.