నోటి సంగతి

కావలి ఏరియా ఆసుపత్రిలో, రక్తం తీసే గది పక్కన
కర్టెన్ ఒక్కటే తలుపుగా ఉన్న గది నాది.
మధ్యాహ్నం రెండు దాటాక వచ్చాడు మాల్యాద్రి,
ప్యాంటు అంచున అల్లూరు రొయ్యల గుంటల బురద
ఎండి తెల్లబడి.

"నాక్కాదు, మా ఫ్రెండుకి మేడం" అన్నాడు.
ఈ కుర్చీలో కూర్చున్న వాళ్ళందరికీ
ఆ ఫ్రెండు ఒక్కడే.
పదకొండేళ్ళుగా వాడి జబ్బులన్నీ నాకు తెలుసు,
వాణ్ణి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఫ్రెండుకి కింది పెదవి మీద పుండు లేచిందట.
నొప్పి లేదు, చీము లేదు.
మూడు వారాలకి దానంతటదే మానిందట.
"మానింది గదా, ఇంకేముందిలే అని..."
అంటూ తన పెదవే తడుముకున్నాడు.

అడగాల్సిన మాట ఒకటుంది.
ట్రైనింగు పుస్తకంలో దానికి సంస్కృతం ఉంది,
పంతులు గారు కూడా ఉలిక్కిపడేంత సంస్కృతం.
బస్టాండు గోడ మీద దానికి బూతు ఉంది.
రెంటికీ మధ్య
అన్నం తిన్నావా అన్నంత మామూలుగా
అడిగేందుకు మాట లేదు మన దగ్గర.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నోరు చేసే ఈ పనికి మాత్రం
ఏ నోట్లోనూ పేరు లేదు.

"నోటితో కలిశారా?" అన్నాను.
ఫ్యాను తిరిగింది. కర్టెన్ కదిలింది.
"దాంట్లో ఏముంది మేడం,
అసలుది ఏమీ చెయ్యలేదు గదా."

అసలుది!
సరేలే అబ్బయ్యా, నీ గుంటల లెక్కే చెప్పు.
సీడు తెచ్చిన రోజే వదుల్తావా?
"ఎందుకొదుల్తా? ల్యాబుకి పంపాల,
తెల్లమచ్చ ఉందో లేదో చూసుకోవాల."
పైకి బాగానే ఈదుతుంటాయి కదా?
"ఈదుతాయి. అదే గదా మోసం."

నేను చెప్పాల్సింది సగం తనే చెప్పేశాడు.
సెగ గొంతులో కాపురం పెట్టినా
చాలాసార్లు గుటకకి అడ్డం రాదు.
నొప్పిలేని పుండు మానితే
సవాయి పోయినట్టు కాదు, లోపలికి దిగినట్టు.
జ్వరం పొక్కులే అనుకునే నీటిబుగ్గలు
పెదవి నుంచి అక్కడికి, అక్కడి నుంచి పెదవికి
చుట్టాల్లా రాకపోకలు సాగిస్తాయి.

"మరి... ఎయిడ్సు?"
గొంతు చిన్నదైంది.
ఆ దారిన అది రావడం బహు అరుదు.
రానే రాదని మాత్రం నేను అనను.
నోట్లో పుండున్నా, చిగుళ్ళు నెత్తురు కారుతున్నా
ఆ రోజుకి వద్దు.

"ముందు పళ్ళు తోముకుంటాడు మేడం వాడు,
రెండుసార్లు."
నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
బ్రష్షు చిగుళ్ళని గీరుతుంది,
ఆ గీతలే తెరిచిన తూములు.
ఉత్త నీళ్ళతో పుక్కిలిస్తే చాలు,
అదీ శుభ్రానికే, కాపలాకి కాదు.

కాపలా సొరుగులో ఉంది.
మగమనిషైతే ఇట్టా, మొదటి నుంచీ.
ఆడమనిషైతే కత్తెరతో
రెండు కొసలూ కోసి, నిలువునా ఒక గాటు.
బల్ల మీద పరిచాను:
రొయ్య పొట్టు కన్నా పల్చని చదరం,
కింద నా రిజిస్టరు అక్షరాలు కనిపిస్తూ.
ఎవరని నేను అడగలేదు.
ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంది.
అతని చూపు మాత్రం
నేను కోయని దాని మీదే ఆగింది.

రక్తం ఇచ్చాడు.
గొంతులో దూదిపుల్ల తిప్పితే
కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి,
డోకుకో, మరి దేనికో.
రిపోర్టులో ఏమన్నా ఉంటే
సూది ఒక్కరికే వేస్తే లాభం లేదన్నాను.
మందేసిన గుంటలోకి
పక్క గుంట నీళ్ళు తోడుకున్నట్టే.
తల ఊపాడు. ఆ లెక్క అతనికి తెలుసు.

మంగళవారం రిపోర్టు వచ్చింది. అతను రాలేదు.
బుధవారమూ రాలేదు.

శుక్రవారం కర్టెన్ కింద
రెండు జతల చెప్పులు.
ఒకటి బురదది. రెండోది
హేచరీ వ్యాను తోలే ఏసుపాదానిది.
కుర్చీల మధ్య ఇంకో మనిషి పట్టేంత
ఎడం పెట్టుకుని కూర్చున్నారు.

"ఫ్రెండు వచ్చాడు మేడం."

పదకొండేళ్ళలో మొదటిసారి
ఆ ఫ్రెండుని చూశాను.