ఊరడానికి పట్టే కాలం

నేను బోర్లలోంచి మోటర్లు బయటికి లాగేవాణ్ణి.
నార్పల చుట్టుపక్కల ఏ బోరు ఎంత లోతో
దాన్ని వేయించినోళ్ల కంటే
నా భుజాలకే బాగా తెలుసు.

వన్నూరమ్మ చీనీ తోటలో
స్టార్టర్ డబ్బా మూత లోపల
బొగ్గుతో గీసిన గీతలుండేవి.
గీత అంటే మోటరు నడిచిన గంట.
చుక్క అంటే
నీళ్లు ఊరేదాకా ఆగిన గంట.

మొదటేడు నాలుగు గీతలకొక చుక్క.
మరుసటేడు మూడు గీతలు, రెండు చుక్కలు.
ఆపై ఎండాకాలం ఒకటే గీత,
దాని ఎనకాల చుక్కలు
చీమల బారు మాదిరి.

"నీళ్లేం తగ్గలేదు మౌలాలీ,
పైపు నిండా వస్తాండాయి" అనేది.
నిజమే.
వచ్చినప్పుడు రెండించులే వచ్చేవి,
పాదులో పడి నురగలు కట్టేవి.
మేమందరం ఆ నురగనే చూసినాం.

తిప్పేస్వామి హోటల్లో కొట్లాటలు కొత్తవి కావు.
పొద్దున గట్టు తగాదా,
మాపటికి ఒకటే అగ్గిపుల్లతో రెండు బీడీలు.
ఉండుండి
మాట కలవడానికి మూణ్ణాళ్లు పట్టేది.
ఆ తర్వాత వారం.
ఆ తర్వాత పీర్ల పండగ దాకా.
టీ మాత్రం అదే రుచి, గ్లాసులు అవే,
బస్సు దిగి ఎవరైనా అడిగితే
ఊరు బాగుందనే చెప్పేవాళ్లం.

ఒక మంగళవారం, పన్నెండుంముప్పావు.
పైపు దగ్గింది.
గుక్కెడు ఎర్రనీళ్లు, పిడికెడు గాలి.
అంతే.

ఆరు వందల ఇరవై అడుగుల కింద
ఏ బండ ఏ బండ చెవిలో ఏం చెప్పిందో,
పొద్దుగూకేసరికి నాగిరెడ్డిది,
తెల్లారేసరికి గుట్ట కింద తొమ్మిది.
ఎవరి కుండ వాళ్లదనుకున్నాం.
కింద ఉండేది ఒక్కటే కుండని
అది ఎండినాక తెలిసింది.

ఆ వారమంతా నిద్ర లేదు.
రిగ్గు లారీలు దుమ్ము కక్కుతా తిరిగినాయి,
ఎవడి గట్టు మీద వాడు టార్చిలైటు పట్టుకోని కూర్చున్నాడు.
చీటీల చెండ్రాయుడు
మొదటి మనిషికి డబ్బు ఎంచి ఇచ్చినాడు,
ఐదో మనిషికీ ఇచ్చినాడు, నవ్వుతానే.
పదకొండో మనిషి గడప తొక్కేసరికి
తలుపుకి తాళం.
పన్నెండేండ్ల నమ్మకం
మధ్యాన్నం కూడు తినేలోపల అయిపోయింది.

చీనీ చెట్లను కట్టెల లెక్కన తూకమేసినారు.
రంపం ఆగినాక
మొద్దుల్లోంచి కాయ వాసనొచ్చింది.
కూలోళ్లు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఎనిమిదేండ్లు.

పోయిన కార్తీకంలో మూడు రాత్రులు వాన.
వంక బ్రిడ్జి మీదెక్కి పారింది.
నాలుగో పొద్దు
మోటరు లేదు, కరెంటు లేదు,
తుప్పు పట్టిన కేసింగు పైపులోంచి
నీళ్లు వాటంతటవే పొంగి పారతాండాయి,
ఎవరూ పిలవని చుట్టం మాదిరి.
పిల్లోళ్లు సెల్లు పట్టుకోని ఎగబడినారు.

ధర్మవరం నుంచి మొదటి బస్సుకే దిగింది వన్నూరమ్మ.
చెట్లు లేని పాదుల్లో
సుళ్లు తిరుగుతున్న నీళ్లను చూస్తా నిలబడింది.
"ఇప్పుడెవరికి?" అనింది.
నన్నడిగిందో, నీళ్లనడిగిందో.

మా దాదా అనేవాడు,
నీళ్లు ఊరేదే ఊరని.
నీళ్లు వచ్చిన దోవన మాట రాలేదు.
తిప్పేస్వామి బల్ల మీద
నాగిరెడ్డి ఆ కొసన, నేను ఈ కొసన.
చెండ్రాయుడి గడప మీద తాళం
వానకి ఇంకింత బిగుసుకుంది.

ఆ పొద్దు స్టార్టర్ డబ్బా తెరిచి చూసినాను.
గీతలు చెరిగిపోయినాయి,
చుక్కలు మాత్రం ఉండాయి.
గట్టిగా నొక్కి పెట్టినట్టుంది ఆయమ్మ.

ఇప్పుడు హోటల్లో ఎవరైనా ఎవరినైనా కసిరితే
మాటలు వినను నేను.
గోడ మీద గడియారం చూస్తా,
ఒలికిన టీలో వేలు ముంచి
బల్ల మీద
ఒకటి,
ఇంకొకటి.